మబ్బు పాట పాడించొద్దు

భయపడటంలో నాకు పోటీ లేదు. బల్లి మీద పడితే తలంటుకునేవాళ్లను చూశాను గానీ, బల్లి కనబడిన గదిలోకి నెల రోజులు పోనివాణ్ని నన్నొక్కణ్నే చూశాను. మదనపల్లెలో బట్టల కొట్లో గుమాస్తాగా పనిచేసేవాణ్ని. బేరానికి వచ్చినాయన కాస్త గొంతు పెంచితే చాలు, చెప్పిన ధరలో సగానికి నేనే దిగిపోయేవాణ్ని. "మా గంగాధరానికి గుండె ఉండాల్సిన తావులో కోడిపిల్ల ఉండాది" అని మా ఆవిడ చెంగమ్మ వీధిలో నలుగురి ముందూ అనేది. నిజమే కాబట్టి నేనేమీ అనేవాణ్ని కాదు.

ఇలాంటివాడు ‘మెరుపు’ ఆర్కెస్ట్రా అభిమాన సంఘానికి అధ్యక్షుడెలా అయ్యాడని మీరడగవచ్చు. పోస్టర్లు అతికించడానికి మైదా ఉడికించేవాడు, బస్సు టాపు మీదికి స్పీకరు పెట్టెలు ఎక్కించేవాడు ఒకడు కావాలి. ఆ పనికి అధ్యక్షుడని పేరు పెట్టి నాకు అంటగట్టారు.

మెరుపులో ఉన్నది ముగ్గురే, ముగ్గురూ మా వీధివాళ్లే. ఖాదర్ వలి కరెంటు గిటారు వాయిస్తాడు. గోవిందప్ప డ్రమ్ములు. పాడేది అలావుద్దీన్. సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రాలు జిల్లాలో కొల్లలు. వీళ్లు మాత్రం సొంతంగా పాటలు కట్టుకునేవాళ్లు, అదీ చెవులు చిల్లులు పడేలా. వాటన్నింటిలోకీ పెద్దది మబ్బు పాట. వానలు ముఖం చాటేసిన ఏడాది కట్టారు దాన్ని. "ఓ మబ్బో..." అని అలావుద్దీన్ పైకి ఎత్తుకుని అక్కడే నిలబెట్టేవాడు. వినేవాళ్లకు ఊపిరి ఆడేది కాదు, అతను మాత్రం నిలబెట్టే ఉండేవాడు. తంబళ్లపల్లె బస్సెక్కినా, కుప్పం రైలెక్కినా ఆ పాట కూనిరాగం తీసేవాడొకడు తగిలేవాడు.

ఎనభై నాలుగులో బెంగుళూరు కంపెనీ ఒకటి వాళ్ల చేత క్యాసెట్టు చేయించింది. ఆ క్యాసెట్టుతో మెరుపు పేరు మారుమోగింది, పాట మాత్రం మారిపోయింది. కీబోర్డు వచ్చింది. వెనక వంతపాట వచ్చింది. అలావుద్దీన్ గొంతు దించి, మైకు పెదాలకు ఆనించుకుని, పక్కింటావిడ నిద్ర చెడకూడదన్నట్టు పాడటం మొదలుపెట్టాడు. మబ్బు పాట ఎక్కడా పాడటం మానేశాడు.

ఇక చూడాలి తిట్లు! "బెంగుళూరు నీళ్లు ఒంటికి పట్టినాయప్పా", "పేరొస్తానే కళ్లు నెత్తికెక్కినాయి" అని ఒకటే గొడవ. బస్టాండు దగ్గర సోడాల అంగడి జమాలుద్దీన్ ఒక్కడే నాకు తోడు. వాడికి నోరెక్కువ, నాకు పట్టుదల ఎక్కువ. "యాల మారకూడదు?" అని నేనే ఎదురు తిరిగేవాణ్ని. "నీ పెండ్లినాటి చొక్కా ఇప్పుడు నీకు పడతాదా? మరి వాళ్ల పాటేంది, నీ కోసరం అట్లే ఉండల్లా?" కొత్త పాటలు నాకు నిజంగానే నచ్చాయి. అందులో ఒకటి, వాకిట్లో ఎండబెట్టిన వేరుశనగల మీద, మేం చెనిక్కాయలంటాం, ఎంత మెల్లగా ఉంటుందంటే వింటూ నేను ఏడ్చాను. వాదన మాటలతో జరిగినంత సేపూ నాకు భయం లేదు.

కుప్పంలో మాటలు దాటిపోయాయి. ఎనభై అయిదు ఫిబ్రవరిలో కచేరీ. రాతి క్వారీల్లో పనిచేసే మనుషులు లారీ కట్టుకుని వచ్చారు. మూడో పాట కాగానే "మబ్బు పాట, మబ్బు పాట" అని మొదలైంది. అలావుద్దీన్ నవ్వి ఇంకో కొత్త పాట ఎత్తుకున్నాడు. ఒక చెప్పు వచ్చి కీబోర్డు మీద పడింది. తర్వాత రాయి. గోవిందప్ప డ్రమ్ము తోలు చిరిగిపోయింది. కరెంటు తీసేసి మమ్మల్ని వెనక దోవన పంపించారు. ఆ దోవకు అడ్డంగా క్వారీ మనిషొకడు నిలబడ్డాడు. పేరు ఎల్లప్ప. అతని ముంజేయి నా తొడంత ఉంది.

"పుంగనూరు జాతరలో మీదే పాటంట గదా. ఆడికీ వస్తాం. ఆ పాట పాడకుంటే స్టేజీ దిగనియ్యం, సూస్కోండి" అన్నాడు. అరవలేదు, మామూలుగానే అన్నాడు. అందుకే మదనపల్లె దాకా నేను వెనక్కి తిరిగి చూస్తూనే వచ్చాను.

మదనపల్లె చేరాక నేను ఖాదర్ వలిని పట్టుకున్నాను. "పోతే పోనీ, ఒక్క పాట పాడేస్తే ఏమప్పా?" అన్నాను. అతను తల తిప్పుకుని వెళ్లిపోయాడు. మర్నాడు అలావుద్దీన్ తల్లి లాల్ బీ కొట్టుకు వచ్చింది. లంగా గుడ్డ కావాలని తాను మీద తాను దించమంది. ఏదీ చూడలేదు. పక్కన ఎవరూ లేని సమయం చూసి గొంతు తగ్గించింది.

"నువ్వు మావోడి తరపున కొట్లాడతాండావంట. అందుకని నీకు చెప్తాండా. వాని గొంతులో కాయ మాదిరి లేసిందప్పా. పెద్ద డాక్టరు చూసినాడు. ఖాదర్ వలికి, గోవిందప్పకు తప్ప బయట ఎవురికీ తెల్దు. మెల్లగా పాడుకుంటే బతికినన్నాళ్లూ పాడుకోవచ్చు, పైకి అరిసి పాడితే మాత్రం ఒకే పాటతో అంతా పోతాది అనె. మాట కూడా రాదంట."

నా చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. "ఆ మాటే అందరికీ చెప్పేస్తే సరిపోతాది గదమ్మా!"

"చెప్పొద్దు!" అని నా చేయి పట్టుకుంది. "గొంతు చెడినోన్ని ఎవురు పిలుస్తారు? కంపెనీవాళ్లు కూడా వదిలేస్తారు. వానికి పాట తప్ప ఇంకేం వస్తాది? నా బిడ్డ మీద ఒట్టేసి చెప్పు, ఎవురికీ చెప్పనని."

ఒట్టు వేశాను. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. ఒప్పుకున్న పుంగనూరు కచేరీ మానేస్తే ఎందుకని అడుగుతారు. పోతే కుప్పం వాళ్లు ఊరుకోరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అలావుద్దీన్ మా ఇంటి ముందు నుంచి పోతూ "ఏందన్నా, బాగుండావా?" అని పలకరిస్తే, ఆ మాట వినబడినందుకే నాకు ప్రాణం లేచి వచ్చేది. జాతర అయ్యాక ఇదే గొంతు వింటానా అని ఆ వెంటనే దిగులు పట్టుకునేది.

మా వైపు కచేరీల్లో ఒక పద్ధతి ఉంది. పాట అయిన వెంటనే ‘వన్స్ మోర్’ అని గట్టిగా వినబడితే ఆ పాట మళ్లీ పాడి తీరాలి. ఊరి పెద్ద అడిగిన పాటైనా సరే, ఆ తర్వాతే. కాదంటే విన్నవాళ్లను అవమానించినట్టు. నాకు ఆలోచన తట్టింది అక్కడే. జాతరలో పాట సాయంత్రం మొదలై, అమ్మవారి ఊరేగింపు డప్పులు వినబడగానే ఆగిపోతుంది. దీపాలు పెట్టే వేళ దాకా నెట్టుకొస్తే చాలు. మేం ముందు వరసలో కూర్చుని, ప్రతి కొత్త పాటకూ వన్స్ మోర్ అంటూ పోతే మబ్బు పాటకు వంతే రాదు.

జమాలుద్దీన్‌కు అసలు కారణం చెప్పలేదు. "కుప్పం వాళ్లకు బుద్ధి చెప్పల్ల" అన్నాను. వాడికి అంతకంటే కారణం అక్కర్లేదు. సంఘంలో ఉన్న పదిమందినీ నయానా భయానా పోగుచేశాడు. బయల్దేరేటప్పుడు చెంగమ్మ నా నుదుట విభూతి పెట్టి, "దెబ్బలు పడేటట్టుంటే మాత్రం పరిగెత్తు. నీకు తెలిసిన విద్య అదే గదా" అంది. ఎగతాళి చేస్తూనే కళ్లు తుడుచుకుంది.

పుంగనూరులో జనం ఇసుక వేస్తే రాలనంతగా ఉన్నారు. స్టేజీకి ఎడమ పక్క కుప్పం లారీ ఆగి ఉంది. దాని మీద ఎల్లప్ప నిలబడి ఉన్నాడు. నేను అటు చూడకూడదనుకుంటూనే మాటిమాటికీ చూశాను.

మొదటి పాట అయింది. "వన్స్ మోర్!" అన్నాం. అలావుద్దీన్ మళ్లీ పాడాడు. రెండో పాటకూ అన్నాం, మళ్లీ పాడాడు. జనంలో గొణుగుడు మొదలైంది. మూడోది చెనిక్కాయల పాట. అది రెండుసార్లు అయ్యేసరికి వెనక నుంచి "మబ్బు పాట!" అని ఒకే గొంతులా లేచింది. మేం పదిమందిమి, వాళ్లు వేలమంది. ఆకాశం వైపు చూస్తే పొద్దు ఇంకా కొండ మీదే ఉంది. ఈ రోజు పొద్దుకు కూడా పొగరెక్కిందేమో, కదలదు!

"ఇంగోసారి!" అని జమాలుద్దీన్ లేచి నిలబడ్డాడు. అంతే, ఎక్కడి నుంచో రాయి వచ్చి వాడి కణతకు తగిలింది. వాడు నా ఒళ్లో పడ్డాడు. వాడి రక్తం నా చొక్కా మీద వెచ్చగా తగిలింది. మావాళ్లలో సగం మంది లేచి పారిపోయారు. నేనూ లేచాను. పారిపోవడానికే లేచాను, అబద్ధమెందుకు? కానీ నా కాలరు ఎవరి చేతిలోనో ఉంది.

ఎల్లప్ప నన్ను గాల్లోకి లేపాడు. "నువ్వే గదా అరిపిస్తాండేది? యాల పాడనియ్యవు? చెప్పు, యాల పాడనియ్యవు వాన్ని?"

నాలుక చివరిదాకా వచ్చింది మాట. గొంతు బాగలేదప్పా, ఆ పాట పాడితే వాడికి మాట పోతుందప్పా అని చెప్పేస్తే నన్ను వదిలేస్తాడేమో. లాల్ బీ చేయి గుర్తొచ్చింది. వేసిన ఒట్టు గుర్తొచ్చింది. గుడ్లు తేలవేసి, ఉన్న ఊపిరంతా పట్టి అరిచాను.

"వన్స్ మోర్!"

చెంప పగిలింది. ఇంకో దెబ్బకు కింద పడ్డాను. ఎవరివో కాళ్లు నా వీపు మీదుగా పోయాయి. ఇక చచ్చాననుకున్నాను. జమాలుద్దీన్ ఎక్కడున్నాడో తెలియలేదు. నేల మీద నుంచి తల ఎత్తితే స్టేజీ మీద అలావుద్దీన్ కనిపించాడు. అతను నన్నే చూస్తున్నాడు. ఖాదర్ వలి అతని చేయి పట్టుకుని వద్దు వద్దని తల ఊపుతున్నాడు. అలావుద్దీన్ ఆ చేయి విడిపించుకుని మైకు పక్కకు పెట్టేశాడు.

"ఓ మబ్బో..."

తొక్కుతున్న కాళ్లు ఆగిపోయాయి. ఎల్లప్ప ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉంది. వేల మంది ఉన్న మైదానంలో పసిబిడ్డ ఏడుపు కూడా వినబడలేదు. వద్దురా, ఆపరా అని నేను అరుస్తున్నాననుకున్నాను, కానీ నాకే వినబడలేదు. అతను పైకి ఎత్తాడు, అక్కడ నిలబెట్టాడు, అక్కడి నుంచి ఇంకా పైకి పోయాడు. నేను విన్న అన్నిసార్లలోకీ బాగా పాడింది ఆ రోజే. చివరి చరణంలో గొంతు జీరపోయి రెండుగా చీలింది. జనం అది ఏడుపనుకుని వాళ్లూ ఏడ్చారు. ఆఖరి మాటకు పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు. ఆ మాట జనమే పూర్తి చేసి ఈలలు వేశారు. అప్పుడు వినబడ్డాయి ఊరేగింపు డప్పులు.

స్టేజీ వెనక జమాలుద్దీన్ తలకు గుడ్డ చుట్టి కూర్చోబెట్టారు. నేను కుంటుకుంటూ వెళ్లాను. అలావుద్దీన్ నా పగిలిన పెదవి చూసి ఏదో అడిగాడు. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఖాదర్ వలి గిటారు కింద పెట్టేసి అతన్ని గట్టిగా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

అంతలో ఎల్లప్ప వచ్చాడు. చేతిలో సోడాలు, ముఖం నిండా సంతోషం. "కొట్టినందుకు తప్పయిపోయిందప్పా, క్షమించు" అని నాకు దండం పెట్టి, అలావుద్దీన్ కాళ్లకు వంగబోయాడు. "రాళ్లు కొట్టేటప్పుడు మేమందరం ఈ పాటే పాడుకుంటాం సామీ. ఇది లేకుంటే సుత్తి లేవదు" అన్నాడు.

"ఇంక మీరే పాడుకోండి" అని గోవిందప్ప అరిచాడు. డాక్టరు చెప్పినదంతా, ఒక్క మాట మిగలకుండా అతని ముఖం మీద చెప్పేశాడు.

ఎల్లప్ప చేతిలో సీసాలు జారి పగిలాయి. అంత మనిషీ నేల మీద చతికిలబడ్డాడు. కాసేపటికి తల ఎత్తి నా వైపు చూశాడు.

"నిన్ను అడిగితిని గదప్పా" అన్నాడు. "కాలరు పట్టుకోని, యాల పాడనియ్యవని నోరు తెరిసి అడిగితిని గదా. ఒక్క మాట చెప్పింటే ఏమైతాండె? అరిసిన ప్రతి నా కొడుకునూ నేనే తన్ని కూర్సోబెడతాంటిని. ఆ గొంతు కోసరమే గదా మేము కుప్పం నుంచి వచ్చింది!"

నేను పుట్టినప్పటి నుంచీ భయపడిన ప్రతిసారీ ఎదుటివాడు అడిగిందల్లా చెప్పేసిన మనిషిని. ప్రాణం పోతుందన్నా నోరు విప్పకుండా నిలబడింది ఆ ఒక్క రోజే.