ఏసురాజు పాత నడక

ఆదివారం చర్చికి బయల్దేరేముందు బేబీ గ్యాసు కట్టేసి, కోళ్లకి నూకలు చల్లి, కొడుకు పాత నడక వీధిలోకి రాకుండా తలుపు గడియ పెట్టేది.

ఏసురాజు పదమూడో ఏటి నుంచీ ఆ నడక ఇంట్లోనే ఉంది. అంతకుముందు వాడు మునివేళ్ల మీద, నడుం కాస్త ఊగేలా నడిచేవాడు. తండ్రి జేమ్స్ బడిలో డ్రిల్లు మాస్టారు. పెరట్లో సున్నంతో గీత గీసి, బెత్తం పట్టుకుని, నెల్లాళ్లు వాణ్ణి దాని మీద నడిపించాడు.

"ఆడంగి నడకేట్రా? రొమ్ము ఇరుసుకుని నడు!"

నెల తిరిగేసరికి వాడు సిపాయిలా నడిచాడు. ఆ సాయంత్రమే వంటింట్లో మెత్తని అడుగులు వినబడ్డాయి. మనిషి లేడు. అవి కొడుకు పాత అడుగులేనని బేబీ వెంటనే పోల్చుకుంది.

"తుడిసిన నేల మీద తిరగొద్దని సెప్పవే," అనేది పొరుగింటి ధనలక్ష్మి.

"సెప్తే ఇంటాదేటి? దానికి కాళ్లే గానీ సెవులు నేవు."

కొత్త నడకతో చిక్కేమిటంటే, ఎటు పొమ్మంటే అటే పోయేది. తండ్రి చెప్పిన చదువుకి పోయింది, కొత్తవలసలో ఉద్యోగానికి పోయింది. ఇరవయ్యారేళ్లు వచ్చాక ఒక్కసారి మాత్రం వాడు, బియ్యం ఏరుతున్న తల్లి పక్కన కూలబడ్డాడు.

"అమ్మా, నాకు ఆడపిల్లల మీద మనసు నేదు. ఎప్పుడూ నేదు. బొబ్బిలిలో యుగంధర్ అని ఒకడున్నాడు. ఆడితోనే ఉంటాను."

బేబీ చేట కింద పెట్టలేదు. "మీ నాన్నకి సెప్పకు. నిన్ను సంపుతాడు, నేపోతే తనే సస్తాడు."

జేమ్స్ షాలిని అనే పిల్లని కొడుక్కి ఖాయం చేశాడు. కొడుకు ఆ తిన్నని నడకతోనే నిశ్చితార్థానికి వెళ్లాడు.

పెళ్లి ప్రకటన చర్చిలో మూడు ఆదివారాలు చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పాలి. మూడోసారీ ఎవరూ లేవకపోతే ఇక పెళ్లే. రెండు వారాలు బేబీ గడియ పెట్టింది. తలుపు వెనక అడుగులు అటూ ఇటూ తిరుగుతుంటే వినబడనట్టు నడిచిపోయింది. రెండో వారం చర్చిలో షాలిని వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"ఆయనకి ఏటి కూరంటే ఇష్టం అత్తా?"

బేబీ బైబిలు తెరిచి పేజీలు తిప్పింది.

మూడో ఆదివారం గ్యాసు కట్టేసింది. నూకలు చల్లింది. గడియ మీద చెయ్యి వేసి, తీసేసింది.

"గెడేసేవా?" అన్నాడు జేమ్స్.

"ఏసేను," అని చంకలో బైబిలు పెట్టుకుని అబద్ధమాడింది.

పాస్టరు గారు ప్రకటన చదివి, అభ్యంతరాలడిగి ఆగారు. ఆడవాళ్లకీ మగవాళ్లకీ మధ్యనున్న దారిలో మెత్తని అడుగులు మొదలయ్యాయి. అందరూ కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. అవి ఏసురాజు దగ్గరికొచ్చి ఆగాయి. వాడు లేచాడు. పదమూడేళ్ల తర్వాత వాడి నడుం ఊగింది. మునివేళ్ల మీద నడుచుకుంటూ గుమ్మం దాటిపోయాడు.

షాలిని లేచి నిలబడింది. "నాకు అభ్యంతరం ఉందండి." తర్వాత బేబీ వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసు కదా అత్తా?"



జేమ్స్ ఇప్పుడు భార్యతో మాట్లాడడు. బొబ్బిలి నుంచి ఫోను రాలేదు. ఇల్లంతా చప్పుడు లేదు. తుడిచిన నేల తుడిచినట్టే ఉంటుంది. ఆదివారం వస్తే బేబీ గ్యాసు కట్టేస్తుంది, కోళ్లకి నూకలు చల్లుతుంది. తలుపు మాత్రం గడియ పెట్టకుండా దగ్గరికి చేరవేసి వెళ్తుంది.