సగం వాకిట్లో క్లోవర్

నగేష్ కొట్టిన మొదటి దెబ్బకే రత్నాకర్ కళ్లజోడు ఎగిరి బగారన్నం గిన్నెలో పడింది. రెండోది చెవి మీద తగిలింది. మూడోసారి నగేష్ చెయ్యి ఎత్తలేదు, కాలెత్తాడు. కడుపులో తన్ను తిని రత్నాకర్ తన సొంత లాన్‌లోనే, బంతిలో కూర్చున్న చుట్టాలంతా చూస్తుండగా, మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“నా పిల్లకేమన్న అయిందనుకో, నిన్ను గీ గడ్డిలనే బొందపెడ్త బిడ్డా!” అని అరిచి నగేష్ కూర గిన్నెను కాలితో తన్నాడు. వేడి వేడి మటన్ పులుసు లాన్ మీద పారింది.

అది నగేష్ కొడుకు మొదటి పుట్టినరోజు. నగేష్‌ది తూప్రాన్. అత్తగారిల్లు మెదక్ కాబట్టి ఇక్కడే రత్నాకర్ ఇంటి ముందరి లాన్‌ను కిరాయికి తీసుకుని పగటి దావత్ పెట్టాడు. రత్నాకర్‌కు అదే బతుకుదెరువు. ఫంక్షన్ హాలు కిరాయికి తూగలేనివాళ్లు అతని దగ్గరికి వచ్చేవాళ్లు. ఆ రోజు వడ్డన మొదలయ్యేసరికి నగేష్ పెద్ద కూతురు, ఐదేళ్ల పిల్ల, చెప్పులు విడిచి లాన్ దాటి పక్కనున్న తెల్లపూల మీదికి పరుగెత్తింది. పూల మీద తేనె తాగుతున్న జుంటీగ అరికాల్లో కుట్టింది. పిల్ల కెవ్వుమని అక్కడే చతికిలబడింది. కూర్చున్నచోట ఇంకొన్ని కుట్టాయి. చూస్తుండగానే పెదవులు ఉబ్బిపోయాయి, కళ్లు మూసుకుపోయాయి, ఊపిరి ఈల వేసినట్టు రాసాగింది.

ఆ తెల్లపూలు రత్నాకర్‌వి కావు. అతని అక్క యశోదవి.

ఇంటినీ వాకిలినీ తండ్రి పోయేముందు ఇద్దరికీ చెరిసగం రాసిచ్చాడు. అల్లాదుర్గ్‌లో మొగుణ్ణి వదిలేసి వచ్చిన యశోద ఎడమ పక్క గదుల్లో ఒంటరిగా ఉంటూ, బస్టాండు దగ్గర ఎరువుల దుకాణంలో పని చేసుకునేది. ఆమె వైపు వాకిట్లో కూడా మొదట గడ్డే ఉండేది. ఎండాకాలం బోరు అడుగంటితే రత్నాకర్ ఉన్న నీళ్లన్నీ తన లాన్‌కే తిప్పుకున్నాడు. అక్క వైపు గడ్డి మాడి చాపలా లేచిపోయింది. వానలు వెనకపట్టాక ఆమె దాన్ని పారతో చెక్కేసి క్లోవర్ విత్తనం చల్లింది. కుల్చారం పాడి రైతులు బర్రెల మేతకు తీసుకుపోయే బర్సీం జాతి మొక్కే అది. కాకపోతే పైకి లేవదు, నేల పట్టుకుని పాకుతుంది. కోసే పని లేదు. గడ్డి తాగినన్ని నీళ్లు తాగదు. చలికాలానికల్లా మూడేసి ఆకులతో, తెల్లపూలతో ఆమె వైపు వాకిలి మొత్తం కమ్ముకుంది. చూసినవాళ్లు పులిచింతాకు అనుకుని నవ్విపోయారు. యశోద పట్టించుకోలేదు. పొద్దున్నే, ఈగలు రాకముందు, చాయ్ గ్లాసు పట్టుకుని చెప్పులు లేకుండా దాని మీద తిరిగేది. పెళ్లయినప్పటి నుంచి ఆమె కాళ్లు అంత నిమ్మళంగా నేల మీద ఆనింది లేదు.

రత్నాకర్‌కు మాత్రం అది కంటగింపు అయింది. “మొత్తం వాకిలి ఒక్క లాన్ చేస్తే పెండ్లిళ్లే పట్టొచ్చు. గా పిచ్చి ఆకు పీకెయ్యక్కా” అని మొదట బతిమాలాడు. తర్వాత అరిచాడు. ఒకరోజు ఆమె నీళ్ల డ్రమ్మును తన్ని పగలగొట్టాడు. ఆమె ఇంకో డ్రమ్ము కొనుక్కుని అదే చోట పెట్టింది.

దావత్ రోజు పొద్దున యశోద తమ్ముడికి చెప్పింది. “పూల మీద జుంటీగలు మస్తున్నయి రత్నం. పిల్లలు రాకుండ నడుమ తాడు కట్టు.” తానే తాడు తెచ్చి కట్టింది కూడా. ఫోటోలకు అడ్డం వస్తోందని రత్నాకర్ దాన్ని కోసి పారేశాడు.

నగేష్ తన్నులు తన్నుతున్నప్పుడు యశోద అక్కడ లేదు. పిల్లను ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తింది. పక్క గల్లీ సాజిద్ ఆటో ఎదురొస్తే ఎక్కేసింది. పిల్ల తల్లి కూడా ఎక్కి, దారి పొడుగునా యశోద వీపు మీద పిడికిళ్లతో గుద్దుతూనే ఉంది. “నీ పూలు మన్నువడ, నీ చేతులిరుగ” అని తిడుతూనే ఉంది. యశోద పిల్ల మెడ వెనక్కి వాలకుండా పట్టుకుని, ఆ ఈల ఆగిపోతుందేమోనని చెవి పెట్టి వింటూ కూర్చుంది.

దవాఖానాలో సూదులిచ్చాక ఈల సన్నగిల్లింది. పిల్ల కళ్లు తెరిచి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే యశోద బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. నగేష్ ఎదురుపడి చెయ్యి ఎత్తాడు గాని, పిల్లకు గండం గడిచిందని డాక్టరు చెప్పడం విని దించేశాడు.

“ఇంటికి పోదాం పాండ్రి అక్కా,” అన్నాడు సాజిద్. “మీ తమ్మున్ని బాగ కొట్టిండ్రట. జర చూసుకోండ్రి.”

ఎండ వాలకముందే ఇంటికి చేరారు. టెంటు సగం కూలి ఉంది. కుర్చీలు తలకిందులుగా పడి ఉన్నాయి. రత్నాకర్ వీపున బ్యాటరీ పంపు తగిలించుకుని క్లోవర్ మధ్యలో నిలబడ్డాడు. పంపు గుయ్యిమంటోంది. గొట్టం చివర నుంచి గడ్డిమందు తుంపర్లుగా పడుతోంది. వాసనను బట్టే ఎంత చిక్కగా కలిపాడో యశోదకు అర్థమైంది. దుకాణంలో ఆ డబ్బాలు అమ్మేది ఆమే.

“రత్నం, బందు చెయ్యి.”

అతను తిరిగి చూశాడు. ఒక కన్ను వాచిపోయి ఉంది. చెవి నుంచి కారిన నెత్తురు మెడ మీద ఎండిపోయింది.

“పిల్ల బతికింది,” అంది ఆమె. “పానానికేం లేదట. పంపు దించు.”

“ఎవతె బతికితే నాకేంది? అందరి ముంగట నన్ను కుక్కను తన్నినట్టు తన్నిండు. నీ పూల కోసం. నా ఇజ్జత్ తీసినవు గద!”

“తాడు ఎవరు కోసిండ్రు?”

ఆ మాటతో అతనికి ఒళ్లు తెలియలేదు. గొట్టం ఆమె కాళ్ల మీదికి తిప్పాడు. చీర తడిసింది. ఆమె వెనక్కి జరగకుండా ముందుకొచ్చి గొట్టం పట్టుకుంది. అతను ఎడమ చేత్తో చెంప పగలగొట్టాడు. ఆమె వదల్లేదు. ఇద్దరి పెనుగులాటలో గొట్టం పైకి లేచింది. అప్పుడైనా అతను ఆపి ఉండవచ్చు. ఆపలేదు. ఆమె మొహం మీదికే పట్టి కొట్టాడు.

ఎడమ కంట్లో నిప్పు పోసినట్టయింది. యశోద గొట్టం వదిలేసి మొహం కప్పుకుని డ్రమ్ము ఎటుందో తడుముకుంటూ కదిలింది. రెండడుగులు వేసిందో లేదో, కొప్పు వెనక్కి గుంజింది. వెల్లకిలా పడింది. రత్నాకర్ జుట్టు చేతికి చుట్టుకుని ఆమెను క్లోవర్ మీద ఈడ్చాడు. డొక్కలో తన్నాడు. బోర్లా తిప్పి, తడిసిన ఆకుల్లో మొహం అదిమాడు.

“తిను! నీ జుంటీగలకు పెట్టినవ్ గద, నువ్వు గూడ తిను!”

గడప దగ్గర అతని భార్య వర్షిత “ఇడువుండ్రి, సస్తది, ఇడువుండ్రి” అని అరుస్తోంది గాని దగ్గరికి రాలేదు. దగ్గరికొస్తే ఏమవుతుందో ఆమెకు అనుభవమే.

యశోద నోట్లోకి చేదు దిగింది. ఊపిరి అందలేదు. చెయ్యి గోడ వైపు చాచింది. పొద్దున కుండీల చుట్టూ కలుపు కోసి అక్కడే వదిలేసిన కొడవలి వేళ్లకు తగిలింది. పిడి దొరికింది. చూడలేదు, చూడడానికి కళ్లు తెరిచి లేవు. తన తల వెనుక, జుట్టు ఎక్కడ గుంజుతోందో అక్కడికి విసిరింది.

జుట్టు వదులైంది. ఆమె ఇంకోసారి విసిరింది. రెండోది అవసరం లేదని ఆమెకు తెలుసు. అయినా విసిరింది. ఆ ఒక్క క్షణం ఆమెకు హాయిగా అనిపించింది. మొగుడి కాలం నుంచి పళ్ల మధ్య బిగబట్టినదేదో తెగి బయటపడ్డట్టు అనిపించింది. తర్వాత ఎన్నడూ ఆమె ఆ హాయిని ఎవరికీ చెప్పుకోలేదు, తనకు తాను కాదనుకోనూ లేదు.

రత్నాకర్ మొదట అరవలేదు. కుడిచేతిని కళ్ల ముందు పెట్టుకుని ఎవరిదో చెయ్యి చూసినట్టు చూశాడు. చిటికెన వేలు లేదు. పక్క వేలు చర్మానికి వేలాడుతోంది. వీపు మీద పంపు ఇంకా గుయ్యిమంటూనే ఉంది.

“అక్కా!” అన్నాడు.

చిన్నప్పుడు సైకిలు మీది నుంచి పడితే అలాగే పిలిచేవాడు. యశోద ఆ పిలుపు విని కూడా ముందు డ్రమ్ము దగ్గరికే పాకింది. తల ముంచి, కన్ను తెరిచి, నీళ్లు కొట్టుకుంది. మళ్లీ మళ్లీ కొట్టుకుంది. ఆ తర్వాతే దండెం మీది తువ్వాల లాగి తమ్ముడి చెయ్యి చుట్టి, బిగించి ముడివేసింది. 

అరుపులకు వెనక్కి వచ్చిన సాజిద్ ఆకుల్లో వెతికి వేలు తీశాడు. కూల్‌డ్రింకుల తొట్టిలో మిగిలిన ఐసుగడ్డలు కవర్లో పోసి అందులో పెట్టాడు. ఇద్దరినీ అదే ఆటోలో ఎక్కించుకున్నాడు. వేలు అతకలేదు. దాన్ని మందు పాడుచేసింది; వేలాడుతున్న పక్క వేలునూ తీసేయాల్సి వచ్చింది.

దవాఖానాలో ఇద్దరి మంచాల మధ్య ఒక పచ్చ కర్టెన్. కానిస్టేబుల్ ఎల్లయ్య ముందు రత్నాకర్ దగ్గర ఆగాడు.

“ఏమైంది?”

“గడ్డి కోసే మిషన్ల పడ్డది సార్, చెయ్యి.”

“మరి మీ అక్క కన్ను?”

“మందు కొడుతుంటే గాలికి కొట్టుకపోయింది. ఎవరి తప్పు లేదు సార్.”

కర్టెన్ ఇవతల యశోద వింటోంది. ఎడమ కంటికి కట్టు కట్టారు. పక్కన వర్షిత నిలబడి, “గట్లనే చెప్పు వదినె, నీకు దండం పెడ్త. పని చేసేటోని చెయ్యి కోసినవు, ఇగ జైలుకు గూడ పంపకు” అని గుసగుసగా అంటోంది.

అల్లాదుర్గ్‌లో మొగుడు చెయ్యి విరిచినప్పుడు యశోద ఇలాగే ఒక మంచం మీద పడుకుని, బావి దగ్గర జారిపడ్డానని చెప్పింది. ఆ అబద్ధం నేర్పింది అత్త. మొగుడు దవాఖానా నుంచి ఇంటికి తీసుకుపోయిన వారంలోనే రెండో చెయ్యి పట్టి మెలితిప్పాడు.

“సార్, ఇటు రండ్రి,” అని పిలిచింది. “మిషన్ గాదు. నేనే కోసిన, కొడవలితోని. నా జుట్టు పట్టి గుంజిండు, తన్నిండు, కావాల్నని కంట్ల గడ్డిమందు కొట్టిండు. గందుకు కోసిన. రెండోసారి గూడ ఏసిన. రెండు రాసుకోండ్రి. నాది, వానిది.”

“అక్కా, నోర్ముయ్! ఇజ్జత్ పోతది!” అని కర్టెన్ అవతల నుంచి రత్నాకర్ కేకేశాడు.

“పోనీ,” అంది యశోద.

“అమ్మా, నీ మీద గూడ కేసైతది, తెలుసా?” అన్నాడు ఎల్లయ్య.

“తెలుసు. రాయుండ్రి.”

ఇద్దరి మీదా కేసులు నడిచాయి. ఇద్దరికీ బెయిలు దొరికింది. క్లోవర్ కొద్ది రోజుల్లోనే పసుపుబారి, తర్వాత ఉడకబెట్టిన ఆకుకూరలా నేలకు అంటుకుపోయింది. దాని నడుమ చచ్చిన జుంటీగలు నువ్వుల్లా రాలి ఉన్నాయి. యశోద మట్టితో సహా చెక్కి అవతల పారబోసింది. కొట్టిన మందు వాలు వెంట రత్నాకర్ లాన్‌లోకీ పారింది. అక్కడా గడ్డి మచ్చలు మచ్చలుగా చచ్చింది. నగేష్ చెప్పిన కథ ఊరంతా పాకాక లాన్ అడగడానికి ఎవరూ రాలేదు. వర్షిత ఒక బట్టల షాపులో పనికి కుదిరింది. యశోదతో మాట మానేసింది. ఎదురుపడితే నేల మీద ఉమ్మేది.

వానాకాలంలో ఒక వాయిదాకు ముగ్గురూ కోర్టుకు వెళ్లారు. బయటికొచ్చేసరికి వాన దంచుతోంది. ఉన్నది సాజిద్ ఆటో ఒక్కటే. కాసేపు ఎవరూ కదల్లేదు. చివరికి వర్షిత మధ్యలో కూర్చుంది, వాళ్లిద్దరూ చెరో పక్క.

చాలాసేపటికి రత్నాకర్ రోడ్డు వైపే చూస్తూ అడిగాడు. “కన్నెట్లున్నది?”

“మసక. మనిషి కనబడ్తడు, మొఖం కనబడది. నీ చెయ్యి?”

“వాన పడ్తే గుంజుతది.” చేతిని ఒళ్లోకి లాక్కున్నాడు. “ఆ రోజు మిషన్ అంటే అయిపోయేది గదక్కా. గీ తిరుగుడే ఉండకపోవు.”

“తిరుగుడు ఉండకపోవు. నువ్వు మల్ల జుట్టు పట్టెటోనివి.”

 ఆటో గుంతలో పడి లేచింది. అప్పటిదాకా బయటికి చూస్తున్న వర్షిత, ఎవరినీ చూడకుండా, మెల్లగా అంది.

“పట్టెటోడే.”

రత్నాకర్ భార్య వైపు తిరిగాడు. ఆమె ఒళ్లు బిగబట్టుకుంది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. అతని కుడిచెయ్యి, మిగిలిన మూడు వేళ్లతో, తొడ మీద అలాగే ఉండిపోయింది.

ఇంటి ముందు ఆటో ఆగింది. వాళ్లిద్దరూ దిగుతుంటే యశోద అంది. “రేపు నడుమ గోడ కట్టనీకి మేస్త్రీ వస్తుండు. నీ టెంటు కర్రలు నా దిక్కున్నయి, తీసుకో.”

“సరే,” అన్నాడు రత్నాకర్.

వర్షిత గేటు దగ్గర ఒక్క క్షణం నిలబడి, ఏదో అడగబోయి, లోపలికి వెళ్లింది. ఈసారి ఉమ్మలేదు. యశోద దిగకుండా సాజిద్‌ను దుకాణం వైపు పోనివ్వమంది. మధ్యాహ్నం నుంచి ఆమె పనికి పోవాలి.