కోచ్ గడిలో పేరు

ఆ చేతిరాత తనదేనని సబీహాకు చూడగానే తెలిసిపోయింది. ఇంకొకరి రాతయితే మోసమని గొడవ చెయ్యొచ్చు, కనీసం ఏడవొచ్చు. సొంత చేతిరాతతో ఎవరు పోట్లాడగలరు?

సోమవారం విశ్వవిద్యాలయం క్రీడల విభాగంలో గుమాస్తా ఏసుబాబు బల్ల మీద పదకొండు కాగితాలు వరసగా పరిచాడు. అన్నీ అంతర్ కళాశాలల మహిళా బాస్కెట్‌బాల్ పోటీల ఎంట్రీ ఫారాలు. ఏడాదికొకటి. ఒక్కోదాంట్లో పన్నెండుమంది అమ్మాయిల పేర్లు, వాటి కింద రెండు గడులు. కోచ్ గడిలో వీరాంజనేయులు అని ఉంది. మేనేజర్ గడిలో సబీహా అని ఉంది. పదకొండిట్లోనూ అంతే. ఆఖరిది పోయిన వారమే నింపింది, క్యాంటీన్లో టీ తాగుతూ.

"మీరు దరఖాస్తు పెట్టిన ఈ పోస్టుకి కోచ్‌గా పదేళ్ళ అనుభవం అడిగారు మేడమ్," అన్నాడు ఏసుబాబు. కాగితాల మీద వేలు చివరిదాకా నడిపించి, మొహమాటంగా ఆపాడు. "మీకు ఒక్క ఏడాది కూడా లేదండీ."

"నేనేనండీ కోచ్‌ని. పదకొండేళ్ళ నుంచీ నేనే."

"నాకు తెలుసు మేడమ్. మీ అరుపులు నేనూ విన్నా. కానీ ఫైలుకి చెవులుండవు గందా."

"ఆడపిల్లల జట్టుకి లేడీ మేనేజర్ తప్పకుండా ఉండాలన్నారు. మా కాలేజీ పంపేది ఒక్కరినే. అందుకని..."

"ఒకే పేరు రెండు గడుల్లోనూ రాయొచ్చండీ. చానామంది రాస్తారు." ఆయన ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఎవురూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. ఆమె ఎవరినీ అడగలేదు.

కోర్టులో ఒక్కోసారి చూడని వైపు నుంచి బంతి వచ్చి ముఖానికి తగులుతుంది. ముందు నొప్పి ఉండదు. కళ్ళముందు తెల్లగా ఒక ఖాళీ ఉంటుంది, అంతే. సబీహా ఆ ఖాళీలో నిలబడి ఏసుబాబు మాటలు విన్నది. కోచ్‌ని నేను కాదు ఆమే అని ఆ వీరాంజనేయులు సారు రాసిస్తే, తను దాన్ని పెద్దల ముందు పెడతానంటున్నాడు. శుక్రవారం సాయంత్రం ఆఖరు అంటున్నాడు. ఆమె తలూపింది. కాగితాలను ఫోన్‌తో ఫొటో తీసుకుంది.  

ఇంటికి పోయే బస్సు ఫిరంగిపురం దాటాక మొదటి ఫారం గుర్తొచ్చింది.

నరసరావుపేటలో ఆ ప్రైవేటు మహిళా డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద పీడీగా చేరిన కొత్త. పీడీ అంటే ఆటల టీచరు, గ్రౌండు, డ్రిల్లు, బంతులకు గాలి కొట్టించడం అన్నీ కలిపి. పోటీలకు మాచర్ల వెళ్ళాలి, రెండు రోజులు. తండ్రి చాంద్ బాషా లారీ మెకానిక్. ఆయన ఏమీ అడగలేదు. కూతురు గ్రౌండులో అరిచి ఆడించడం ఆయనకు నచ్చదేమోనని, అడగకముందే ఆమె జవాబు చెప్పింది. "ఆడపిల్లలు గందా నాయనా, తోడు పోతన్నా. అంతే." ఆయన సరే అన్నాడు. ఆ రోజే ఫారం ఇంట్లో కూర్చుని నింపింది. తండ్రి పక్కనే కూర్చుని చూస్తున్నాడు. లారీల నంబరు పలకలు చదివీ చదివీ ఇంగ్లీషు పెద్దక్షరాలు ఆయనకు కూడబలుక్కోవడం వచ్చు. తోడు అని చెప్పింది కాబట్టి తోడుకు దగ్గరగా ఉన్న మేనేజర్ గడిలో తన పేరు రాసుకుంది. నోటితో ఆడిన అబద్ధం అబద్ధం కాకుండా పోవాలని, కాగితం మీద దాన్ని నిజం చేసింది. మిగిలిన గడి ఖాళీగా ఉంచడానికి మనసొప్పక, చిన్నప్పుడు తనకు ఆట నేర్పిన వీరాంజనేయులు సారు పేరు పెట్టింది. ఆయన అబ్బాయిల కాలేజీలో పీడీ. "పేరుదేముందమ్మా, పెట్టుకో," అని సంతకం చేశాడు.

తర్వాత పదేళ్ళూ చెయ్యే రాసింది. తను చూడను కూడా లేదు.

మంగళవారం పొద్దున్నే బరంపేటలో సారు ఇంటికి వెళ్ళింది. వచ్చే మార్చిలో ఆయన రిటైరు. ముందు గదిలో గోడ నిండా ఆడపిల్లల జట్ల ఫొటోలు. అన్నీ ఆమె ఇచ్చినవే. దేంట్లోనూ ఆయన లేడు. ఇన్నాళ్ళూ ఆ సంగతి ఆమెకెందుకు తట్టలేదో!

విషయం విని సారు తేలిగ్గా నవ్వాడు. "దానికేముందమ్మా. నువ్వెంత కష్టపడ్డావో నాకు తెలవదా? నాతో సమానంగా పడ్డావు." గోడకున్న ఒక ఫొటో చూపించాడు. "రెండేళ్ళ కిందటి ఫైనలు. ఆఖరి నిమిషం. ఒక్క పాయింటు వెనకున్నాం. టైమవుట్ అడిగా. ప్రత్యూషని పిలిచి, బంతి నీ దగ్గర పెట్టుకోమాకే, నజీమాకియ్యి అన్నా. దాని చేతులు ఒకటే వణుకు. నీళ్ళు తాగిచ్చి, ఏమే, ఓడితే మీ అమ్మ కూడు పెట్టదా అన్నా. ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే గెలిచాం!"

 అవి సబీహా మాటలు. మ్యాచ్ అయిన సాయంత్రం తను ఫోన్లో ఆయనకు చెప్పిన మాటలు. తను ఎక్కడ ఆగిందో ఆయనా అక్కడే ఆగుతున్నాడు, ఎక్కడ నవ్విందో అక్కడే నవ్వుతున్నాడు.

"సార్, మీరా రోజు మాచర్ల రాలేదు."

"రాకపోవడమేంది?"

"మీరెప్పుడూ రాలేదు సార్."

"మరి స్కోరుబోర్డు కింద కుక్క పడుకునుందే, లేపితే లెగలా... నేను చూశానే."

"అది నేను ఫోన్లో చెప్పా."

 ఆయన కళ్ళు ఒక్కొక్క ఫొటో మీదికీ వెళ్ళి వచ్చాయి. వస్తూ ఉత్తవిగా వచ్చాయి. దొంగ మొహం కనిపిస్తుందని ఆమె అనుకుంది. ఇల్లు దోచుకుపోయిన మనిషి మొహం కనిపించింది. దోచింది తనేనేమో అనిపించి, రావాల్సిన కోపం గడపలోనే ఆగిపోయింది.

"నేనట్టా రాసిస్తే," అన్నాడు, "ఈ పదకొండేళ్ళూ నేనేం జేసినట్టమ్మా?"

 రాసిచ్చే కాగితం లేకుండానే ఆమె లేచి వచ్చింది.

బుధవారం తెల్లారి జట్టుతో మాచర్ల బయల్దేరాలి. సంచి భుజాన వేసుకుని ఇంటి ముందున్న షెడ్డు దాటుతుంటే, లారీ కింద నుంచి చాంద్ బాషా కాళ్ళు కనిపించాయి. గొంతు వినిపించింది.

"తోడు పోతన్నావా అమ్మాయ్?"

ఏటా అడిగేదే. ఏటా ఊఁ అనేది. ఈసారి ఆమె సంచి కింద పెట్టేసింది.

"తోడు కాదు నాయనా. నేనెప్పుడూ తోడు పోలేదు. ఆ జట్టుకి కోచ్‌ని నేనే. నీకు అబద్ధం చెప్పా."

కాళ్ళు కదల్లేదు. "తెలుసు," అంది గొంతు.

"ఏం తెలుసు?"

ఆయన మెల్లగా పాకుతూ బయటికొచ్చాడు. గ్రీజు చేతులు పాతగుడ్డకు తుడుచుకున్నాడు. "మొదటేడే తెలుసు. సిమెంటు లారీకి కమాను కట్ట ఇరిగిందంటే మాచర్ల పొయ్యా. బండి ఆగింది ఆ కాలేజీ గోడ పక్కనే. 'ఓసేయ్, చేతులు పైకెత్తండే!' అని గోడవతల ఒక అరుపు. నా కూతురి గొంతు నాకు తెలవదా? పానా జారి కాలి మీద పడింది. గోడెక్కి చూస్తే నువ్వు, ఆ రిఫరీ మీదికి కొట్టేటట్టు పోతన్నావు. తోడు పోయినామె అట్టా పోద్దా?"

"మరి నాకెందుకు చెప్పలేదు నాయనా?"

"నువ్వే తోడన్నావు. బిడ్డ తన్ను తాను చిన్నజేసుకుని చెప్పుకుంటంటే, ఎందుకో ఏమో, అట్టా చెప్పుకోటమే నీకు ఇష్టమేమో అనుకున్నా. నీ మాట నేనెందుకు తీసెయ్యాలా?"

సబీహా షెడ్డు స్తంభం పట్టుకుంది. పదకొండేళ్ళు ఒక గోడ కట్టింది. ఆ గోడకు ఇటుకలుగా తన పేరే వాడింది. అవతలి పక్క కాపలా ఎవరూ లేరు. ఒక ముసలాయన గోడ మీద నుంచి తల పెట్టి చూసి, చప్పుడు కాకుండా దిగి వెళ్ళిపోయాడు, అంతే. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎటు పోతుందో తెలియక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గెలిచారా మరి, ఆ మొదటేడు?" అడిగాడు చాంద్ బాషా. "సగంలోనే లారీ కదిలింది. ఈ పదకొండేళ్ళూ అడుగుదామని."

"ఓడిపోయాం."

"నేనుండాల్సింది," అని ఆయన మళ్ళీ లారీ కిందికి వెళ్ళాడు.

ఆ రోజు మాచర్లలో సెమీఫైనలు గెలిచారు. సాయంత్రం అయిదింటికి అలవాటు ప్రకారం ఆమె వేలు సారు నంబరు మీదికి పోయింది, ఆగింది. ఆయనే చేశాడు. పదకొండేళ్ళలో ఆయన చెయ్యడం మొదటిసారి.

"ఏమైందమ్మా మ్యాచ్?"

"గెలిచాం సార్."

"ఎట్టా?"

ఆ ఒక్క మాటలో ఎంత ఆకలి ఉందో ఆమెకు ఇప్పుడే వినిపించింది. చెప్పడానికి చాలా ఉంది. ప్రత్యూష కాలు మెలికపడింది, తను కట్టు కట్టి మళ్ళీ ఆటలోకి దింపింది. చెబితే రేపటికి అది ఆయన కట్టిన కట్టు అవుతుంది.

"రేపు పదింటికి ఫైనలు సార్. వచ్చి చూడండి."

 అటు ఫోన్ పెట్టేసిన చప్పుడు వినపడింది.

ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నీళ్ళ సీసా, బస్సు దుమ్ము. కోర్టు పక్క సిమెంటు మెట్ల మీద ఒక చివర కూర్చున్నాడు. కెప్టెన్ ప్రత్యూష కాలి కట్టు సరిచేసుకుంటూ ఆయన్ను చూసింది.

"ఎవరు మేడమ్ ఆయన? మీ చుట్టాలా? వేరే జట్టుకి సంచులు మోయడానికి వచ్చారా?"

"నోర్ముయ్యవే," అంది సబీహా. మన కోచ్ అని నాలుక చివరిదాకా వచ్చింది. అది కూడా చేతిరాతలాగే, అలవాటుగా. దాన్ని మింగేసింది. "నాకు ఆట నేర్పిన సారు."

"ఓ!" అంది ప్రత్యూష. "నమస్తే తాతగారూ!"

సారు చెయ్యి నమస్కారానికి సగం లేచి ఆగింది. తన గోడ మీద రోజూ నవ్వే పిల్ల, తాను నీళ్ళు తాగించాననుకున్న పిల్ల, ఆయన్ను మొదటిసారి చూస్తోంది. ఆయన ఆ పిల్లను చూడటమూ మొదటిసారే. చూడని వైపు నుంచి బంతి తగిలిన మొహం సబీహాకు అంత దూరం నుంచి కనిపించింది. అది ఎట్లా ఉంటుందో సోమవారం నుంచీ ఆమెకు తెలుసు.

ఫైనలు రెండు పాయింట్లతో ఓడిపోయారు. సబీహా గొంతు పోయేదాకా అరిచింది. ఆట అయ్యాక పిల్లలు ఏడుస్తూ మూతులు కడుక్కుంటుంటే ఆమె మెట్ల దగ్గరికి నడిచింది. ఎవరిని అడిగి తెచ్చాడో, సారు మోకాలి మీద ఒక తెల్లకాగితం ఉంది.

"నువ్వే రాయమ్మా," అన్నాడు కాగితం చాపి. "అడుగున సంతకం పెడతా. ఎప్పుడూ అట్టానే గందా."

ఆమె చెయ్యి ముందుకు పోయింది. పోయిన చేతిని చూసి ఆమే ఉలిక్కిపడింది. వెనక్కి తీసుకుంది.

"మీరే రాయండి సార్. మీ చేత్తో."

"నా ఇంగ్లీషు సంగతి నీకు తెలుసు గందమ్మా."

"తెలుగులోనే రాయండి."

ఆయన కలం మూత తీశాడు. ఎదురుగా ఖాళీ అయిన కోర్టును చూశాడు. తర్వాత వంగి, బడిపిల్లాడిలా అక్షరం అక్షరం రాయడం మొదలుపెట్టాడు. ఒక చోట కలం ఆగింది. తల ఎత్తకుండానే అడిగాడు.

"సబీహా... చివర్న దీర్ఘం ఉందా అమ్మా?"

పదకొండేళ్ళలో తన పేరు ఆయన ఒక్కసారి కూడా రాయలేదు. రాయాల్సిన అవసరం ఆమె రానివ్వలేదు.

"ఉంది సార్," అంది సబీహా.