తెరుచుకోవడం రెండు సెకన్లే

ఆ గుడారం కొత్తది కాదు. పిల్లల వార్డులో నర్సుగా పనిచేసే అమ్మాయికి, అదే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆయన ఇచ్చాడు. వాళ్లింట్లో కవలలు పుట్టాక అందరూ అందులో పట్టడం లేదట. "పట్టీ విప్పి వదిలేయండి సిస్టర్. రెండు సెకన్లలో దానంతటదే లేచి నిలబడుతుంది" అన్నాడు. చూడబోతే గుండ్రంగా, పల్చగా, సంచిలో పెట్టిన పెద్ద పళ్లెంలా ఉంది.

వచ్చే శుక్రవారం ఇంట్లో నలుగురూ సరస్సు ఒడ్డుకు వెళ్లి, రెండు రోజులు ఉండి రావాలని అనుకున్నారు. నర్సు వదిన బట్టలు కుడుతుంది.

"ట్రయల్ చూడకుండా నేను చొక్కా కూడా చేతికివ్వను. నలుగురం పడుకోవాల్సింది, చూసుకోకుండా ఎలా పట్టుకెళ్తాం?" అందావిడ.

అలా ఆదివారం పొద్దున ముందుగదిలో బల్లను గోడకు జరిపారు. నర్సు అన్నయ్య ఎక్కడో ఆగిపోయిన లిఫ్టు బాగుచేయడానికి వెళ్లాడు. వాళ్లమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, కోడలు కుట్టిన చొక్కాకు గుండీలు కుడుతోంది.

"మెల్లిగా విప్పండే, మొహాన తగులుతుందేమో" అంది పెద్దావిడ.

"ఇదేమన్నా బాంబా అమ్మా?" అంటూ నర్సు పట్టీ లాగేసింది.

బాంబే. గుడారం ఆమె చేతుల్లోంచి ఎగిరి ఫ్యానుకు కొట్టుకుని, గాల్లో ఒక పల్టీ వేసి, గదంతా నాదే అన్నట్టు కూర్చుంది. నర్సు వీధి తలుపుకు బల్లిలా అతుక్కుపోయింది. వదిన కుట్టుమిషను మీద వెల్లకిలా పడింది. మధ్యలో ఎటు చూసినా నీలం గుడ్డే. ఒకరికొకరు కనబడటం లేదు.

"వదినా, ఉన్నావా?"

"ఉన్నానమ్మాయ్. మిషను చక్రం నడుములో దిగింది. అత్తయ్యా, మీరో?"

వదిన గుడ్డను అరచేత్తో తట్టింది.

"అత్తయ్యా!"

గుడ్డ అవతలి నుంచి కిచకిచమని ఏదో చప్పుడు. తీరా వింటే అది పెద్దావిడ నవ్వు. పళ్ల మధ్య దారం పట్టుకుని ఉండటంతో మాట బయటికి రాలేదు.

గుడారానికి రెండు వాకిళ్లున్నాయి. ఒకటి కిటికీ వైపు, ఒకటి మిషను వైపు. అత్తాకోడళ్లు చెరో జిప్పూ లాగి, మోకాళ్ల మీద లోపలికి పాకారు. సరిగ్గా మధ్యలో ఇద్దరి నుదుళ్లూ ఠంగున కొట్టుకున్నాయి. ఆ నీలం వెలుతురులో ఒకరి మొహం ఒకరికి సిరా సీసాలో ముంచి తీసినట్టు కనబడేసరికి, అక్కడే కూలబడి పొట్టలు పట్టుకున్నారు.

"నన్ను వదిలేసి మీరు నవ్వుకోండి!" అని తలుపు దగ్గర నుంచి నర్సు అరిచింది.

అదే సమయానికి బయట తాళంచెవి తిరిగింది. తలుపు బెత్తెడు తెరుచుకుని ఆమె వీపుకు తగిలి ఆగింది.

"ఎవరది?" అన్నాడు లిఫ్టు మెకానిక్కు.

"నేనే అన్నయ్యా, తొయ్యకు! ఇరుక్కుపోయాం!"

ఇరుక్కోవడం అన్న మాట వినగానే ఆయన గొంతు మారిపోయింది. పదిహేనేళ్ల అలవాటు. "కంగారు పడకండి. లోపల ఎంతమంది ఉన్నారు? గాలి ఆడుతోందా?"

"ముగ్గురమండీ. గాలి ఆడుతోంది గానీ నవ్వడానికి చాలట్లేదు" అంది భార్య లోపలి నుంచి.

అత్తాకోడళ్లు లోపలే మోకాళ్ల మీద లేచి, గుడ్డ పట్టుకుని గుడారాన్ని గిర్రున తిప్పారు. గోడ మీది గడియారం ఊడిపడింది. గుడారం వాకిలి వీధి తలుపు దగ్గరికి రాగానే నర్సు ముందుకు పడి లోపలికి దొర్లింది. ఆమె వెనకే అన్నయ్య, పనిముట్ల సంచితో సహా.

"స్ప్రింగే కదా. నాకు వదిలేయండి" అన్నాడాయన.

అందరూ బయటికి పాకి, ఆయనకే వదిలేశారు. గుడారాన్ని నిలబెట్టి, ఒక అంచు పట్టుకుని మడిచాడు. రెండో అంచు లేచి చెంప మీద కొట్టింది. రెండోసారి మీద కూర్చున్నాడు. గుడారం ఆయన్ని మింగింది. మూడోసారి కళ్లజోడు ఎగిరి బల్లకింద దూరింది. చెల్లెలు నవ్వలేక నేలను గుద్దుతూ, ఎక్స్‌రే ఆయనకు ఫోన్ చేసింది.

"ఎలా మూస్తారండీ దీన్ని?"

"మూసేది మా ఆవిడ, సిస్టర్. పిల్లలకు స్నానాలు చేయిస్తోంది. గంట ఆగుతారా?"

పెద్దావిడ ఇదంతా చూస్తూ గోడకానుకుని కూర్చుంది. ఇక ఆగలేక లేచింది.

"మడత పెడితే ఎలా వస్తుందిరా? మెలిపెట్టాలి."

కొంగు దోపి, ఒక అంచును పాదంతో నొక్కిపట్టింది. పై అంచును రెండు చేతులా పట్టుకుని, రోజూ పొద్దున జుట్టు ముడేసుకున్నట్టే ఒక తిప్పు తిప్పి కిందికి అణిచింది. అంత పొగరుబోతు గుడారం బుద్ధిగా రింగులు రింగులై, పళ్లెమై, ఆవిడ చేతిలో కూర్చుంది. పట్టీ బిగించేసింది.



"ఎలా చేశావమ్మా?"

"ఏమోరా. చేతికి తెలిసింది."

ఆ పళ్లెం వంక ఒకసారి, వాళ్ల మొహాల వంక ఒకసారి చూసింది. కళ్లు మెరిశాయి.

"అందరూ గోడకు జరగండి."

"అత్తయ్యా, వద్దు! బాబోయ్, వద్దు!"

పట్టీ అప్పటికే ఊడిపోయింది.

భోజనాల వేళకు ఇంకో అయిదుసార్లు లేచింది ఆ గుడారం. కింది ఇంటివాళ్లు పైకప్పును కర్రతో పొడిచారు. పొయ్యి మీద కూర లేదు, అన్నం లేదు. మెకానిక్కు రొట్టెలు కొనుక్కురావడానికి బయల్దేరి, తలుపు దగ్గర నిలబడి వేలు చూపించాడు.

"నేను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకండి. ఈసారి వంతు నాది."