కోసేసిన దగ్గులు

ఒక్క దగ్గుతో యజమాని నోరు మూయించిన మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే పుట్టాడు. వాడి రాతే మీరిప్పుడు చదువుతున్నారు. నేను దగ్గిన దగ్గుకి చరిత్ర భవనం కిటికీ అద్దాలు పగిలాయి. నమ్మనివాళ్లు వెళ్లి చూసుకోండి, ఇప్పటికీ అక్కడ అట్టముక్కలే అడ్డం పెట్టి ఉన్నాయి.

పనివాళ్లూ, చదువుకునే పిల్లలూ అడిగారు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

మా అన్న రాతి క్వారీలో డ్రిల్లరు. అదే క్వారీలో నేను కొలిమి దగ్గర డ్రిల్లు మొనలకి సానపట్టేవాణ్ణి. కొండకి బెజ్జం వేస్తుంటే పిండిలాంటి దుమ్ము లేస్తుంది. బెజ్జంలోకి నీళ్లు వదిలితే అణుగుతుంది. నీళ్లు పెట్టించమని మా పనివాళ్ల సంఘం ఏళ్ల తరబడి అడిగింది. యజమాని తన ఇంటిముందు గడ్డికి పోయించాడు గాని క్వారీలో చుక్క రాల్చలేదు. అన్న లోపలికి దుమ్ము పోయింది, బయటికి దగ్గు వచ్చింది. చివరి రోజుల్లో దగ్గుకీ దగ్గుకీ మధ్య సందు దొరికితే కాస్త మాట్లాడేవాడు.

ఆ రోజుల్లోనే కంపెనీ చరిత్ర భవనం కట్టించింది. పాత పనివాళ్ల గొంతులు టేపుల్లో భద్రపరుస్తారట, రేపటివాళ్లు విని మురిసిపోతారట. మిషను పట్టుకుని ఒక అమ్మాయి ఇంటింటికీ తిరిగింది. మేం ఆమెని టేపమ్మాయి అనేవాళ్లం. మా అన్న ఆమెకి మధ్యాహ్నమంతా కొండ కబుర్లు చెప్పాడు. ఆ వానలు వెనకబట్టకముందే పోయాడు. ఆయన వెనకే ఇంకా చాలామంది పోయారు.

సంఘం కోర్టుకెక్కింది. చంపింది దుమ్మేనని, మిగిలినవాళ్లనైనా బతకనివ్వాలంటే నీళ్లు పెట్టించాలని. కంపెనీ వకీలు చల్లగా లేచాడు. చనిపోయినవాళ్ల గొంతులు మా భవనంలో ఉన్నాయి, వాళ్ల ఇళ్లల్లోనే రికార్డు చేశాం, వాటిలో ఎవడైనా దగ్గితే మమ్మల్ని అడగండి అన్నాడు. అయితే వచ్చే వాయిదాకి వింటామంది కోర్టు. మాకు నవ్వొచ్చింది. వీడి ఉరితాడు వీడే పేనుకుంటున్నాడు అనుకున్నాం. ముందుగా మనమే విందామని గుంపుగా భవనానికి వెళ్లాం.

వదిన ముందు వరసలో కూర్చుంది. స్పీకరులో అన్న గొంతు రాగానే, బతికున్న మనిషి ఎదురొచ్చినట్టు లేచి నిలబడింది. కాసేపటికి ఆమె మొహం మారిపోయింది.

“ఇది ఆయన కాదు.”

“గొంతు ఆయనదేగా అమ్మా,” అన్నాడు గుమాస్తా.

“గొంతు ఆయనదే. ఒక్క ఊపిరిలో ఇన్ని మాటలు ఆయన చెప్పి ఏళ్లయింది. దగ్గులు ఎక్కడ పెట్టారు?”

పోయిన సొత్తు అడిగినట్టు అడిగింది.  మిగతా టేపులూ పెట్టించాం. చచ్చినవాళ్లంతా కొత్త పెళ్లికొడుకుల్లా హుషారుగా మాట్లాడుతున్నారు.

మర్నాడు సంఘం షెడ్డులో కాలు పెట్టే చోటు లేదు. అగ్గిపెట్టె అని మేం పిలిచే కుర్ర డ్రిల్లరు బల్లెక్కాడు. పేరుకి తగ్గవాడు. భవనానికి నిప్పు పెడదాం, ఆ బూడిదని రికార్డు చేసుకోమందాం అన్నాడు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను, అబద్ధమెందుకు.

వదిన లేచింది. “ఆ గదిలో ఉన్నది వాడి సొత్తనుకున్నావట్రా? మన చచ్చినవాళ్లు. వాడి మీద కోపంతో వాళ్లని రెండోసారి కాలుస్తావా?”

“మరి చేతులు కట్టుకు కూర్చోమంటావా, పెద్దమ్మా?”

“నేనన్నానా కూర్చోమని? వాణ్ణి కాల్చాల్సిందే. ఏది కాలకూడదో ముందు చూసుకో.”

అప్పుడే గుమ్మంలో టేపమ్మాయి కనిపించింది. చేతిలో గుడ్డసంచీ. ఆడవాళ్లు ఆమెని తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితం కందిపోతుంది. ఆమె అన్నీ పడింది, పడి చెప్పింది. గరగరలు తీసి శుభ్రం చెయ్యమని ఆఫీసులో పురమాయించారట. టేపుని బ్లేడుతో కోసి కొసలు అంటించడం ఆమెకి రోజూ పనే. అది ఎందుకో వకీలు మాట విన్నాక గాని ఆమెకి తెలియలేదు.

“కోసినవి పారేద్దామని చెత్తబుట్ట దాకా వెళ్లాను,” అంది. “ఊపిరాడని మనుషుల్ని పారేస్తున్నట్టు అనిపించింది. అందుకని దాచాను.”

సంచీ బల్లమీద బోర్లించింది. గోధుమరంగు టేపుముక్కలు, వేలెడంతవి, జానెడంతవి. అవి మా వాళ్ల దగ్గులు.

సంఘం పెద్ద వాటిని తిన్నగా కోర్టులో ఇద్దామన్నాడు. అగ్గిపెట్టె ఎగిరిపడ్డాడు: ఇవి ఎవడి దగ్గులో ఎవడు చెప్పొచ్చాడు, మీ సంఘమే కూర్చుని దగ్గిందంటాడు వకీలు. ఆ మాట నిజమే. పొద్దు వాలేదాకా వాదించుకున్నాం. చివరికి వదిన తేల్చింది.

“కోర్టుకి తరవాత ఇద్దాం. ముందు వాడికి ఇద్దాం. వాడి భవనంలో, వాడి మిషను మీద, వాడి చుట్టాల ముందర.”

సెలవురోజున టేపమ్మాయి మిషను షెడ్డుకి తెచ్చింది. ముక్కలు ఒక్కొక్కటే వినిపిస్తుంటే ఇంటివాళ్లు గుర్తుపట్టాలి. మా నాన్నది, చివర ఒక బూతు ఉంటుంది చూడు అన్నాడొకడు. చూస్తే ఉంది. ఒకే దగ్గు కోసం ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకోబోయారు. మళ్లీ వినిపిస్తే, దగ్గిన వెంటనే “ముసలిదానా, నీళ్లు” అంది టేపు. అది నా మొగుడే, వెధవ, నన్ను అలాగే పిలిచేవాడు అని ఒకామె నవ్వింది. నవ్వుతూనే నేలమీద కూలబడింది. అన్న దగ్గు వచ్చినప్పుడు వదిన చెయ్యెత్తింది. అన్నీ కలిపి ఒక్క చుట్టగా అతికారు.

యజమాని అప్పుడే ఒక పుస్తకం రాశాడు, ఆ కొండంతా తానొక్కడే తొలిచానని. దాని గురించి చరిత్ర భవనంలో ప్రసంగం, ఆ ప్రసంగాన్ని నూరేళ్లు నిలిచేలా రికార్డు చేయడం. చప్పట్లకి మనుషులు కావాలి కాబట్టి మాకూ పిలుపొచ్చింది. తలంటుకుని వెళ్లాం.

ఆయన చాలాసేపు మాట్లాడాడు. కొండ గురించి, కష్టం గురించి. చివరికి చెయ్యి చాచి, “మా పనివాళ్ల గొంతులు వినండి, ఎంత నిర్మలంగా ఉన్నాయో,” అన్నాడు.

టేపమ్మాయి మీట నొక్కింది.

గోడలమీది స్పీకర్లన్నీ దగ్గాయి. ఒక బూతు, ఒక “నీళ్లు” తప్ప మాట లేదు, వరసగా దగ్గు. అతిథులు అటూ ఇటూ చూశారు. మా అన్న దగ్గు వచ్చింది. అది ఆగిన చోట వదిన దగ్గింది. ఆమె పక్కన అగ్గిపెట్టె దగ్గాడు. వాడిది నటన కాదు, వాడి రుమాలు ఎర్రబడింది. హాలంతా అందుకుంది. ఆపండి అని యజమాని పెదాలు కదులుతున్నాయి గాని వినబడలేదు.

నా దగ్గు మాటేమిటంటారా? నాకు దగ్గు రాలేదు. దుమ్ముకి దూరంగా కొలిమి పక్కన కూర్చున్నవాణ్ణి, నా ఊపిరితిత్తులు గుర్రానివి. భయంతో ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఆనాటి ప్రసంగం టేపు ఎవరు విన్నా చచ్చినవాళ్ల దగ్గుల్లో ఒక వెధవ ఎక్కిలి వినబడుతుంది, అది నేనే. అద్దాలంటారా, అవి అంతకుముందే క్వారీ పేలుళ్లకి పగిలాయి.

యజమాని బల్ల పట్టుకుని నిలబడ్డాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఏదో అనబోయి, ఉన్నట్టుండి వంగి, తానూ దగ్గాడు. ఎదురుగా మైకు ఉంది, ఆ దగ్గు మా దగ్గుల్లోనే కలిసిపోయింది.

పోలీసులు వచ్చారు. వదిననీ టేపమ్మాయినీ వ్యానెక్కించారు, చుట్టలు పట్టుకుపోయారు. కోపంతో కళ్లు కనపడని యజమాని ఫిర్యాదు రాసిచ్చాడు: మా కంపెనీ రికార్డింగుల్లోంచి తీసేసిన దగ్గులను వీళ్లు దొంగిలించారు, అవి మా ఆస్తి.

స్టేషనులో ఆ ఫిర్యాదు చదివి వినిపిస్తే వదిన పగలబడి నవ్విందట. “మళ్లీ చదవండి బాబూ,” అందట. “తీసేసినవి అన్నాడుగా. ఎవరి దగ్గులో ఇక మేం చెప్పక్కర్లేదు.”

వకీలు పరుగెత్తుకొచ్చి ఫిర్యాదు వెనక్కి ఇమ్మన్నాడు. అప్పటికే ముద్ర పడింది. చుట్టలకి లక్క వేసి బీరువాలో పెట్టారు. అవి మాయం కాకుండా మేం వంతులవారీగా స్టేషను ముందు కూర్చున్నాం. దొంగల్ని పోలీసులు కాపలా కాయడం విన్నాంగాని పోలీసుల్ని మేం కాయడం అప్పుడే. క్వారీలో డ్రిల్లు తిరగలేదు. నీళ్లు వచ్చేదాకా తిరగదని పక్క క్వారీలవాళ్లూ మొనలు తెచ్చి మా ముందు కుప్ప పోశారు. లోపల వదిన దగ్గితే బయట వీధంతా దగ్గింది. కోర్టు ఆ చుట్ట వినే రోజు రేపే. ఎవరూ ఇంట్లో ఉండకండి.

ఇందులో ఇంకొక్కటి కూడా నేను కల్పించాను. యజమాని దగ్గడం. రాసేటప్పుడు చెయ్యి ఊరుకోలేదు. వాడు దగ్గలేదు. తెల్ల రుమాలుతో నుదురు తుడుచుకుని, మా అందరికేసీ చూసి, గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఏ అడ్డూ లేకుండా, తేలిగ్గా. ఆ ఊపిరి చప్పుడు కూడా టేపులో ఉంది.