దావత్‌కు పోయిన దేవిడీ

ఇటిక్యాలలో పెద్ద సాహెబ్ దేవిడీకి ద్వారబంధాలు ఎక్కువ, తలుపులు తక్కువ. ఉన్న తలుపులలో సగం మూసుకోవు, మూసుకున్నవి తెరుచుకోవు. అయినా గచ్చు నేల చల్లన, సున్నపు గోడ తెల్లన, నడిమి వాకిట్లో పావురాల గొణుగుడు మెల్లన.

ఆ దేవిడీని నిరుడు వస్తుప్రదర్శనశాలగా మార్చినవాడు పెద్ద సాహెబ్ మునిమనుమడు ఆజం. వస్తువు వస్తువుకూ దారం కట్టి, అట్టముక్క వేలాడదీసి, గుండ్రని అక్షరాలతో ఆజ్ఞలు రాశాడు. వంటకు వాడే పెద్ద రాగి దేగుకు 'ముట్టుకొనరాదు'. నగిషీ చెక్కిన జోడు కుర్చీలకు 'కూర్చొనరాదు'. తమలపాకులు దాచే పాన్‌దాన్‌కు 'తెరువరాదు'. రాసే ఉత్సాహం ఆగక, అత్తరు బుడ్డికి 'వాసన చూడరాదు' అని కూడా రాశాడు.

కొరత ఒక్కటే: చూసేవారు లేరు. వచ్చినవారందరూ అలంపురం దారి తప్పినవారే. దారి అడిగి, నీళ్లు తాగి, దండం పెట్టి పోయేవారు. పెద్ద రోడ్డు మలుపులో, బాణం గుర్తుతో, సర్కారువారి గోధుమరంగు బోర్డు ఒకటి నిలిస్తే చాలునని ఆజం ఆశ. తినేటప్పుడు ఆ బోర్డే, పడుకున్నప్పుడు ఆ బాణమే. ఎన్నో విన్నపాల తర్వాత లక్ష్మీదేవమ్మ అనే అధికారిణి గద్వాల నుంచి తనిఖీకి వస్తానన్నది. ఆమె మెచ్చితే బోర్డు. మెచ్చకపోతే మళ్లీ దారి తప్పినవారే దిక్కు.

తనిఖీనాటి ఉదయం ఆమెకు కప్పడానికి శాలువా తేవాలని ఆజం అయిజకు వెళ్లాడు. తిరిగివచ్చి చూస్తే దేవిడీలో గోడలున్నాయి, పావురాలున్నాయి. మరేమీ లేదు.

"ఫుప్పూ!" అని కేక పెట్టాడు.

అతని తండ్రికి అక్క, అతన్ని పెంచిన మేనత్త, కుల్సుమ్‌బీ మూలన చాప మీద కూర్చొని తాపీగా వక్కలు కత్తిరిస్తున్నది. ఆమె చేతిలోని అడకత్తెరే ఆ ప్రదర్శనశాలలో మిగిలిన ఏకైక పురాతన వస్తువు.

"సామానంత ఏది ఫుప్పూ? దొంగలు వడ్డరా?"

"నేను కూసోనుండంగ దొంగలెట్ల వడ్తరు బేటా? దావత్‌కు పోయింది."

"ఏం దావత్?"

"కురుమూర్తి కొడుకు లగ్గమాయె గద నిన్న. ఇయ్యాల దావత్. కురుమూర్తి వచ్చి గడపవతల నిలవడ్డడు. అడిగిండు. ఇచ్చిన."

"ఇయ్యాల మేడమ్ వస్తదని నీకు చెప్పిన గద!"

"నువ్వు చెప్పినవ్, ఆయన అడిగిండు. చెప్పుడు వేరె, అడుగుడు వేరె."

వేరే ఎందుకంటే, అది ఆ ఇంటి కట్టుబాటు. పెద్ద సాహెబ్ నిఖానాడు ఇంట్లో వండడానికి గిన్నె లేకపోతే, ఊరు ఊరంతా తలా ఒక గిన్నె నెత్తిన పెట్టుకొని వచ్చి వండి పెట్టిందట. తర్వాత పల్లికాయల వ్యాపారం కలిసొచ్చి దేవిడీ కట్టినప్పుడు, ఆయన ఊరికి సరిపడా సామాను కొని రెండు మాటలు చెప్పిపోయాడు. గడపవతల నిలబడి పెండ్లికని అడిగితే లేదనకూడదు. పోయిన గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు. మొదటి మాట ఊరికి ఇష్టం, రెండవది కుల్సుమ్‌బీకి.

"దేగు అడుగుల ఇంత మాంసం ఏసి పంపుతనన్నడు. మేకను మన ముల్లాతోనే కోపిచ్చిండట," అన్నది ఆమె, కళ్లు సగం మూసుకొని.

"నీకు చరిత్రకన్న చారెక్కువైంది ఫుప్పూ!"

"చరిత్రల ఉప్పుంటదా బేటా, కారముంటదా?"

బయట జీపు ఆగింది. కళ్లద్దాలు సవరించుకుంటూ లక్ష్మీదేవమ్మ లోపలికి వచ్చింది. ఒక గది చూసింది, మరొక గది చూసింది, పైకప్పు కూడా చూసింది.

"వస్తుప్రదర్శనశాల ఇదేనా?"

"ఇదే మేడమ్."

"వస్తువులేవి?"

ఆజం ఆమెకు శాలువా కప్పాడు. ఆమె శాలువాలోంచి మళ్లీ అడిగింది: "వస్తువులేవి?"

"దావత్‌కు పోయినయమ్మా," అన్నది కుల్సుమ్‌బీ, చాప మీది నుంచి లేస్తూ. "నువ్వుగూడ రా. ఎండల వడి వస్తివి. జర అన్నం తినుకుంట చూద్దువు."

కురుమూర్తి వాకిట్లో పందిరి, పందిరి కింద జనం, జనం నడుమ దేవిడీ. కురుమూర్తి మాట మీద నిలిచే రైతు. ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే తిరిగివ్వాలని ఒక్క దారం తెంపలేదు, ఒక్క అట్ట తీయలేదు. 'ముట్టుకొనరాదు' అన్న దేగులో బగారన్నం పొగలు కక్కుతున్నది. అదేమిటని లక్ష్మీదేవమ్మ అడిగితే, వంట ఇస్రాయేలు నొచ్చుకున్నాడు.

"నేనేడ ముట్టిన మేడమ్? గంటె ముట్టింది."

అత్తరు బుడ్డి ఉన్న బల్ల దగ్గరికి రాగానే పిల్లలందరూ ముక్కులు గట్టిగా మూసుకొని పరుగెత్తుతున్నారు. ఒక ముసలాయన మూసిన పాన్‌దాన్ ముందు కూర్చొని, ఎవరైనా తెరుస్తారేమోనని దీనంగా చూస్తున్నాడు.

అందరికన్న దీనంగా ఉన్నవాడు పెండ్లికొడుకు మహిపాల్. వేదిక మీద కుర్చీ పక్కన కర్రలా నిలబడి ఉన్నాడు.

"కూసోరా కొడుకా," అని కురుమూర్తి బతిమాలుతున్నాడు. "మొలలున్నయనుకుంటరు సుట్టాలు!"

"ఎట్ల కూసోవాలె నాయినా? కూర్చొనరాదని రాసున్నది. కానిస్టేబుల్ సెలక్షన్ల ఉన్నోన్ని. రేపు కేసయితే ఎవరు జిమ్మేదార్?"

"పిల్ల కూసున్నది గదరా!"

పక్క కుర్చీలో హాయిగా ఒరిగి ఉన్న పెండ్లికూతురు వర్ష కొంగుతో విసురుకుంటూ అన్నది: "నేనుగూడ సదివిన మామా. సదివినంకనే కూసున్న."

సర్కారు జీపులో వచ్చిన మేడమ్‌ను చూసి మహిపాల్ కుర్చీకి ఇంకో అడుగు దూరం జరిగాడు.

పోయిన పరువును మాటలతోనైనా పట్టుకుందామని ఆజం గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఈ జోడు కుర్చీలు మహా ఘనమైనవి. ఒకానొక నవాబుగారు మా దేవిడీకి విచ్చేసి, ఈ కుర్చీలోనే..."

"ఏ నవాబురా ఆజమూ?" బంతిలోంచి ఈరమ్మ అనే ముసలమ్మ లేచింది, విస్తరి చేతబట్టుకొని. "ఆ కుర్చీల మా ఆయన కూసున్నడు. పెండ్లినాడే కునికి కిందవడ్డడు. గందుకే ఆ కోడు వంకర. సూడు మేడమ్, వంగి సూడు!"

లక్ష్మీదేవమ్మ వంగి చూసింది. కోడు వంకరే.

అంతటితో బంతి బంతంతా లేచింది. దేగుకున్న సొట్ట తమ లగ్గంలోదని ఒకరు, కాదు తమ లగ్గంలోదని ఒకరు. మాడిన మచ్చ తమ పప్పుదని అత్తింటివాళ్లు, తమ పాయసందని పుట్టింటివాళ్లు. ఒక మచ్చ కోసం ఇద్దరు వియ్యంకులు అంగీలు పట్టుకున్నారు. ఆజం తల పట్టుకున్నాడు. పోయింది బోర్డు, పోయింది బాణం.

లక్ష్మీదేవమ్మ ఈలోగా బంతిలో కూర్చొని రెండోమారు వడ్డించుకున్నది.

"ఆజం గారూ, ఇంత కథ ఉంటే అట్టల మీద ఒక్కటీ రాయలేదేం?"

"మచ్చలూ సొట్టలూ ఎవరన్న రాస్తరా మేడమ్?"

"సరే, నవాబు నిజంగా వచ్చాడా?"

ఆజం నేల చూశాడు. "రాలే మేడమ్. వస్తడని తాత చానా ఏండ్లు ఎదురుచూసిండు."

ఆమె నవ్వు బిగబట్టి, వేదిక వైపు చేయి చూపింది. "ముందు ఆ అబ్బాయిని కూర్చోబెట్టండి."

ఆజం వేదిక ఎక్కాడు. అట్టను తిప్పి, వెనుకవైపు కొత్తగా రాశాడు: 'ఈరమ్మ పెనిమిటి కునికి పడిన కుర్చీ'. మహిపాల్ అది ఒకటికి రెండుసార్లు చదివి అడిగాడు: "అంటే ఇప్పుడు కూసోవచ్చునా?"

"కూసో. కునకకు."

జనం ఈల వేశారు. పెండ్లికొడుకు కూర్చున్నాడు, వంకర కోడు కిర్రుమన్నది, వర్ష అతని మోచేయి గట్టిగా పట్టుకున్నది.

చేయి కడుక్కుంటూ లక్ష్మీదేవమ్మ తేల్చి చెప్పింది: "బోర్డు వేయిస్తాను. కానీ బోర్డు ఒకచోట, సామాను ఒకచోట ఉంటే వచ్చినవాళ్లు నన్ను తిడతారు. అర్థమైందా?"

"బోర్డు యాడుంటే సామాను ఆడనే ఉంటది మేడమ్. మాటిస్తున్న!" అన్నాడు ఆజం, ఆనందంతో ఉక్కిరిబిక్కిరవుతూ. పక్కనే నిలబడ్డ కుల్సుమ్‌బీ ఆ మాటను వక్కపలుకులా బుగ్గన పెట్టుకున్నది.

బోర్డు వచ్చింది. ఆజం రోజూ పోయి తుడిచేవాడు, బాణాన్ని తడిమేవాడు, ఎవరూ చూడకుంటే దానితో నాలుగు మాటలు కూడా మాట్లాడేవాడు. ఒకనాడు పోయి చూస్తే మలుపులో గుంత ఉన్నది, బోర్డు లేదు. బండిని గాలిలా తోలుకొని ఇంటికి వచ్చాడు. ఇంట్లో పావురాలు.

"బోర్డేది ఫుప్పూ?"

"దావత్‌కు పోయింది."

"బోర్డెట్ల దావత్‌కు పోతది!"

"మేడమ్‌కు మాటిచ్చినవ్ గద బేటా, బోర్డున్న తాన్నే సామానుంటదని. సామాను అవతలి చేన్ల లగ్గం పందిట్లకు పోయింది. ఇగ బోర్డు మలుపుకాడ్నే ఉంటే మన మాట అబద్ధమాయె గద? నేనే పీకిచ్చి పంపిన."

పల్లికాయ చేను అంచున, పందిరి వైపు బాణం చూపుతూ, బోర్డు ఠీవిగా నిలబడి ఉన్నది. దాని పక్కన హైదరాబాదు కార్లు రెండు. ఆజం బండి దిగి, దువ్వెన తీసి తల దువ్వుకొని, లోపలికి తొంగి చూశాడు. చలువ కళ్లజోళ్లు పెట్టుకున్న ఒక కుటుంబం బంతిలో కూర్చొని, దేగు మీది కొత్త అట్టను బిగ్గరగా చదువుకుంటూ బగారన్నం తింటున్నది. దేవిడీ చరిత్రలో దారి తప్పకుండా వచ్చిన మొదటి సందర్శకులు వాళ్లే.

"స్వాగతం! మా ముత్తాత పెద్ద సాహెబ్ గారు..." అని ఆజం మొదలుపెట్టాడు.

"చరిత్ర తర్వాత చెప్దువు ఆజం భాయ్," అని ఇస్రాయేలు అతని చేతిలో గంటె పెట్టాడు. "ముందుగాల పులుసు పొయ్."

ఆజం పులుసు పోస్తూ వంగి, దేగుకున్న సొట్టను గంటెతో చూపించాడు. "ఇగో సార్, గీ సొట్ట మీద ఇంక పంచాయితీ తెగలే..."