ఖాళీ వైపు

టిఫిన్ డబ్బా మూత బిగిస్తుంటే మా ఆయన ఒక కాగితం తెచ్చి పక్కన పెట్టాడు.

"సంతకం ఒక్కటే మిగిలింది. నీకెందుకు శ్రమ అని నేనే టైపు చేయించాను. సాయంత్రంలోగా ఇచ్చెయ్."

రాజీనామా. 'నా ఇష్టపూర్వకంగానే ఉద్యోగం మానుకుంటున్నాను' అని ఉంది. నా ఇష్టాన్ని అంత చక్కటి అక్షరాల్లో నేనెప్పుడూ చూడలేదు.

అత్తయ్య తుంటి విరిగి మంచం పట్టి ఇరవై రోజులైంది. పొద్దున ఒళ్లు తుడిచి, పక్క మార్చి నేను బయల్దేరితే, పగలు ఆయా చూసుకుంటుంది. "ఇంట్లో మనిషుండగా ఆయా దేనికి వదినా?" అని ఆడపడుచు ఫోను. ఈ ఇంట్లో మనుషులం ముగ్గురం. ఆ మనిషి ఎవరని ఎవరూ అడగలేదు. "లైబ్రరీలో నువ్వు పొడిచేసేదేముంది? ఎవడో రాస్తాడు, ఎవడో చదువుతాడు. మధ్యలో నువ్వెందుకు?" అన్నాడు ఆయన. "పప్పులో రాళ్లేరినట్టు పుస్తకాలేరుతుందట!" అని అత్తయ్య అంత నొప్పిలోనూ నవ్వింది. నేను "సరే" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడానికి నేను అక్కర్లేదు.

ఈ ఏడాది కొనాల్సిన పుస్తకాల జాబితాకు ఇవాళే ఆఖరు. భాష, సంస్కృతి, చదువు నేర్పే పద్ధతులు, ఈ మూడు బీరువాలూ నావి. ఒక వైపు వాడేసిన కాగితాలను నాలుగు ముక్కలు చేసి, ఖాళీ వైపున పుస్తకం పేరు, అది ఎవరి కోసమో రాసుకుంటాను. పుస్తకం మంచిదైతే చాలదు, అది పడే చెయ్యి తెలియాలి. రిటైరైన కండక్టరుగారికి మాటల పుట్టుక మీద పిచ్చి, చూపు ఆనదు కాబట్టి పెద్ద అక్షరాలుండాలి. అయిదేళ్లొచ్చినా మాటరాని పిల్ల తల్లికి డాక్టర్లు రాసిన లావు పుస్తకమిస్తే హడలిపోతుంది, అలాంటి పిల్లనే పెంచినావిడ రాసింది కావాలి. ఇరవై రెండేళ్లుగా ఎవరికేం కావాలో చెబుతూనే ఉన్నాను. నాకేం కావాలంటే మాత్రం నోరు పెగలదు. నీళ్లలో మునిగినవాళ్లకు కేక రాదంటారే, అలా.

మధ్యాహ్నం దర్జీ ఆవిడ వచ్చింది. యాభై రెండేళ్లకు అక్షరాలు మొదలుపెట్టింది.

"ఏనుగు బొమ్మల పుస్తకాలొద్దమ్మా. నేనేమన్నా చంటిపిల్లనా? నా మనవరాలు నవ్వుతోంది."

పెద్దవాళ్లకోసం రాసిన సన్నటి పుస్తకం ఒకటి చూపించాను. బస్సు బోర్డులు, గుడ్డ కొలతలు, మందుసీసా మీది రాతలతో పాఠాలు. నమూనా కాపీ అది. ఆవిడ పేజీ మీద వేలు పెట్టి, టేపుతో కొలిచినట్టు కొసదాకా జరిపింది.

"ఇది కొంటారా? ఎన్నాళ్లకొస్తుంది?"

"మూడు నెలలు."

"మొదటి పాఠం మీరే చెప్పాలి. ఇంకొకరి ముందు తప్పు చదవాలంటే సిగ్గు నాకు. అప్పటికి మీరుంటారుగా?"

నేను ఆ పుస్తకం అట్ట సవరించాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "ఉంటార్లెండి, మీరెక్కడికి పోతారు?" అని తనే చెప్పుకుని వెళ్లిపోయింది.

నాలుగున్నరకు ఫోను. "ఇచ్చేశావా?"

"ఇంకా లేదు."

"ఆయాకి రేపట్నించి రావద్దని చెప్పేశాను."

పెట్టేశాడు. పై అధికారి గదిలోంచి, "జాబితా ఏదమ్మా?" అని కేక. దర్జీ ఆవిడ పుస్తకం ఒక్కటే మిగిలింది. చీటీలు అయిపోయాయి. చెత్తబుట్టలో వెతికాను, అన్నీ రెండు వైపులా నిండిన కాగితాలే. అచ్చం నా రోజుల్లాగే.

సంచిలో ఒకటుంది, పొద్దున ఆయన ఇచ్చింది. వెనక వైపు తెల్లగా, మడతైనా పడకుండా.

దాన్ని నాలుగు మడతలు పెట్టి, స్కేలు ఆనించి చించాను. ఇంటికెళ్లాక ఏమవుతుందో నాకు తెలుసు. అయినా ఒక ముక్క మీద పుస్తకం పేరు రాసి, కింద రాశాను: 'దర్జీ ఆవిడ కోసం. మొదటి పాఠం నేను చెబుతాను.'

సిరా ఆరిందో లేదోనని తిప్పి చూశాను. ఆ ముక్క మీద రెండు మాటలే చిరగకుండా మిగిలాయి. 'నా ఇష్టపూర్వకంగానే.'